రెండు గింజలు మోసిన రోజు

నేను ఒక స్టీలు ట్రేని. చిక్కుడు గింజలా ఒక పక్క లోపలికి వంగి ఉంటాను. ఆసుపత్రి వాళ్ళు కిడ్నీ ట్రే అంటారు. మనిషి ఒంటికి ఆనించి పట్టుకుంటే మధ్యలో సందు ఉండకూడదని, చుక్క కూడా కింద పడకూడదని ఆ వంపు.

పుట్టింది ఒక రేకుల షెడ్డులో. పెద్ద చుట్టగా వచ్చిన స్టీలు రేకును విప్పి, ముక్కలు కోసి, అచ్చు కింద పెట్టి నొక్కేవారు. నాకు ముందు కోసిన ముక్కలు గిన్నెల మీద మూతలయ్యాయి. నా తర్వాతివి టిఫిను డబ్బాలయ్యాయి. అచ్చు మార్చే వేళకు నా వంతు వచ్చింది, అంతే. మనుషులు తమ పుట్టుకకు నక్షత్రాలనూ గ్రహాలనూ కారణంగా చెప్పుకుంటారు. మాకు అచ్చు మార్చినవాడే బ్రహ్మ.

విశాఖపట్నంలో ఆసుపత్రి సామాన్లు అమ్మే కొట్లో నన్ను ఏరి తీసుకున్నది సిస్టర్ ఎస్తేరు. ఒక క్యాన్సరు ఆసుపత్రిలో ఆపరేషను గదులన్నిటికీ ఆవిడే పెద్ద. మా పన్నెండింటినీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూసింది. రేకు పల్చనైతే చప్పుడు తేడాగా వస్తుంది. అంచు మడతలో గోరు పెట్టి చివరిదాకా గీరింది. రెండింటిని పక్కకు తోసేసింది.

"ఈ మడతలో మురికి దాక్కుంటుంది. ఎంత తోమినా పోదు," అంది.

"ట్రేలు కొంటున్నారా, పిల్లకి సంబంధం చూస్తున్నారా అమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"సంబంధమైతే సర్దుకుపోవచ్చు," అంది సిస్టర్.

అలా ఆ ఆసుపత్రికి చేరాను. మరిగే ఆవిరిలో ఉడకడం, పచ్చ గుడ్డలో చుట్టుకుని పడుకోవడం, దీపాల వెలుగులో విప్పుకోవడం నా దినచర్య. మనిషి లోపలినుంచి తీసినదేదైనా ముందు నాలోనే పెడతారు.

ఆ ఆసుపత్రిలో ఒక ఆచారం ఉంది. రాతకోతల్లో ఎక్కడా లేదు, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు. గడ్డ తీశాక, దాన్ని లాబ్‌కి పంపేముందు, బయట కూర్చున్న రోగి మనుషులకు ఒకసారి చూపిస్తారు. ఆపరేషను గదులకీ లాబ్‌కీ మధ్య ఆ మనుషులు కూర్చునే హాలే దారి. కట్టినవాడు చేసిన పొరపాటది. నన్ను మోసేది గౌరీశు అనే వార్డు మనిషి. నలభై ఏళ్ళవాడు, మెత్తనివాడు. హాలు మధ్యకు రాగానే ఆగి, గుడ్డ తొలగించి, నన్ను కాస్త కిందికి దించుతాడు. ఎవరూ అడగక్కర్లేదు. కాగితాల మీద రాసినది నమ్మలేని మనుషులకు కళ్ళతో చూసినది ధైర్యమిస్తుందని వాడికి అనుభవం మీద తెలుసు.

చూడాలని ఎగబడి, గుడ్డ తీయగానే కళ్ళు మూసుకున్నవాళ్ళున్నారు. ఫోనుతో ఫొటో తీసి ఇరవై మంది చుట్టాలకు పంపినవాళ్ళున్నారు. "ఇది మాకిచ్చేస్తారా?" అని అడిగిన పెద్దాయన ఒకడున్నాడు. ఏం చేసుకుంటాడో ఆయనా చెప్పలేదు, గౌరీశూ అడగలేదు. చూసిన ప్రతివాళ్ళూ చివరికి ఒక పోలిక వెతుక్కుంటారు. నిమ్మకాయంత, జామకాయంత, కంద ముక్కలా ఉంది అంటారు. రోగాన్ని కొలవడానికి మనుషుల దగ్గర కూరగాయల బజారు తప్ప మరో తూనిక లేదు.

కొన్నేళ్ళకు మా ఆపరేషను గదిలోకి రోబో వచ్చింది. నాలుగు చేతుల యంత్రం. గుమ్మంలో పట్టక, తలుపు ఊడదీసి గోడ కొంత పగలగొట్టి లోపలికి తెచ్చారు. బొట్టు పెట్టారు, దండ వేశారు. లోపల కొబ్బరికాయ కొట్టనివ్వనని సిస్టర్ అడ్డుపడితే, కార్లు నిలిపేచోట కొట్టి ముక్కలు పంచారు. ఆపరేషన్లు చేసే డాక్టర్ ఉమాపతి గారు ఇక రోగి పక్కన నిలబడరు. గదికి ఆ చివర ఒక పెట్టెకు నుదురు ఆనించి, చెప్పులు విడిచి కూర్చుంటారు. అక్కడ ఆయన వేళ్ళు కదిలితే ఇక్కడ రోగి పొట్టలో యంత్రం వేళ్ళు కదులుతాయి. జానెడు కోత లేదు, వేలు దూరేంత కన్నాలు నాలుగైదు. పెద్ద కోత కోసిన రోజుల్లో పది రోజులు మంచం దిగనివాళ్ళు ఇప్పుడు మూడోనాటికి నడిచేవారు. నాకు కొంచెం అసూయ ఉండేది. కానీ ఎంత గొప్ప యంత్రమైనా తీసినదాన్ని చివరికి నాలోనే పెట్టాలి కదా అని సర్దుకున్నాను.

రోబో ఎక్కువగా చేసింది క్లోమం ఆపరేషన్లే. క్లోమం పొట్ట వెనక, వెన్నుకు ఆనుకుని, పెద్ద రక్తనాళాల మధ్య నక్కి ఉంటుంది. అక్కడ గడ్డ లేస్తే కళ్ళు పచ్చబడేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

తవిటినాయుడికీ అలాగే తెలిసింది. గజపతినగరం దగ్గర పల్లెటూరు. పెళ్ళిళ్ళకు వంట మేస్త్రి. యాభై నాలుగేళ్ళు. వేల మందికి వండినవాడికి నాలుగు నెలలుగా ముద్ద దిగడం లేదు. కళ్ళు పసుపు పూసినట్టయ్యాక డాక్టరుకు చూపించుకున్నాడు. స్కానింగులో గడ్డ ఒక్కచోటే ఉంది, పక్క నాళాలను పట్టుకోలేదు, తీసేయవచ్చు అన్నారు. తీసేస్తేనే బతుకు. అతనికీ, అతని భార్య సన్యాసమ్మకూ తెలిసినది ఆ ఒక్క మాటే.

ఆరోజు ఉదయం ఎనిమిదిన్నరకు అతన్ని బల్లమీదికి ఎక్కించారు. పక్కన పరిచిన పనిముట్లను కలయజూశాడు.

"నా కాడ కత్తిపీటలు ఏడే. మీకాడ చానా ఉన్నాయి," అన్నాడు సిస్టర్‌తో.

"మాది చిన్న పని నాయుడూ, అందుకే ఎక్కువ కావాలి," అంది ఆవిడ.

"ఎంతసేపు పడతాది బాబూ?"

"ఏడెనిమిది గంటలు," అన్నారు ఉమాపతి గారు.

"అయితే రెండు వేల మంది వంటే. మద్దెలో మంట తగ్గనీకండి."

డాక్టరుగారు నవ్వారు. మత్తు డాక్టరు ముసుగు ముక్కుకు ఆనించాడు.

రోబోను పక్కనే సిద్ధంగా నిలబెట్టారు. నాలుగు చేతులకూ పలచని ప్లాస్టిక్ తొడుగులు తొడిగారు. దాన్ని తగిలించేముందు ఒక పద్ధతి ఉంది. ముందు ఒక్క కన్నం పెట్టి, కెమెరా లోపలికి పంపి, పొట్ట అంతా ఒకసారి చూస్తారు. స్కానింగుకు అందనంత చిన్నవి ఏమైనా ఉన్నాయేమోనని. ఎక్కువసార్లు ఏమీ ఉండవు. అయినా చూస్తారు. అన్నం వార్చేముందు మెతుకు పట్టి చూసినట్టు.

తెరమీద పొట్ట లోపలి పొర కనిపించింది. తడిగా, గులాబి రంగులో మెరుస్తోంది. డాక్టరుగారు కెమెరాను కుడిపక్కకు తిప్పారు. పైకి తిప్పారు. కాలేయం కిందికి తెచ్చారు. అక్కడ ఆగిపోయారు. మళ్ళీ ఎడమపక్కకు తెచ్చి అక్కడా ఆగారు. పొర మీద తెల్లగా, సగ్గుబియ్యం పొడి చల్లినట్టు, చిన్న చిన్న గింజలు. ఒకచోట కాదు.

మానిటరు తవిటినాయుడి గుండెను టిక్కు టిక్కుమని లెక్కపెడుతోంది.

"రెండు తీసి లాబ్‌కి పంపుదాం. వెంటనే చూసి చెప్పమనండి," అన్నారు ఆయన. గొంతులో తేడా లేదు. నేను ఆ గొంతును ఏళ్ళుగా వింటున్నాను. తేడా లేకపోవడమే తేడా.

కెమెరా పక్కనే సన్నని పట్టకారు దూర్చి రెండు గింజలు తుంచారు. సిస్టర్ నాలో తడిగుడ్డ పరిచి వాటిని దాని మీద పెట్టింది. నా జీవితంలో అంత తేలికైన బరువు మోయలేదు. "లాబ్‌కి, తొందరగా," అని గౌరీశు చేతికిచ్చింది. వాటి గురించి వాడికి ఒక్క మాటైనా చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. చేతులు అలవాటు పడ్డ పనికి మాటలెవరు ఖర్చు చేస్తారు?

హాలులో సన్యాసమ్మ మొదటి వరసలో కూర్చుని ఉంది. పక్కన ఆమె మరిది రాములు. ఇటుపక్క చోడవరం మామ్మ. మామ్మ కొడుకుకు కిందటి వారం ఇదే ఆపరేషను జరిగింది కాబట్టి, హాలులో మిగిలినవాళ్ళందరికీ ఆవిడే డాక్టరు.

"ఒలే పిల్లా, ట్రే వచ్చీసినాది!" అంది మామ్మ. "నాను చెప్పినాను గదా, ట్రే వచ్చిందంటే రోగం బయటికొచ్చీసినట్టే."

సన్యాసమ్మ లేచి నిలబడింది. తప్పిపోయిన చెప్పు వెతుక్కోకుండా ఒక చెప్పుతోనే వచ్చింది. గౌరీశు అలవాటుగా ఆగాడు. అలవాటుగా గుడ్డ తొలగించాడు. నన్ను కిందికి దించాడు.

ఆమె వంగి చూసింది. మొగుడితో కలిసి వంటలకు వెళ్ళే మనిషి. ఎంతమందికి ఎన్ని కుంచాల బియ్యమో చూపుతోనే చెప్పగలదు. ఆమె కళ్ళు నా అంచునుంచి అంచుకు వెతికి, మధ్యలో ఆ రెండు గింజల మీద నిలిచాయి.

"ఏటి బాబూ, ఇవేనా?"

"లాబ్‌కి తీసుకెళ్ళాలప్పా, తొందర," అన్నాడు గౌరీశు. వాడికీ విడ్డూరంగానే ఉంది. ఇంత చిన్నవాటిని వాడెప్పుడూ మోయలేదు. కానీ ఏమిటని అడిగే అలవాటూ వాడికి లేదు.

"అవగింజంత లేదు," అంది సన్యాసమ్మ మరిదికేసి తిరిగి. "ఒరే రాములూ, అవగింజంత లేదురా!"

"నీ మొగుడు అదృష్టవంతుడే," అంది మామ్మ, కొంచెం చిన్నబుచ్చుకుంటూనే. "మా వోడిది జామకాయంత. ఎనిమిది గంటలు పట్టినాది. మీది గంటకే అయిపోనాది."

"మిషన్ గదేటి," అన్నాడు రాములు. అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "అమ్మా, తీసీసినారు! చిన్నదేనంట. వొదిన కళ్ళతో చూసినాది. పైడితల్లి అమ్మోరికి కాయ కొట్టీమని చెప్పు."

గౌరీశు అడుగు వేశాడు. నా మీద గుడ్డ మళ్ళీ పడింది. వెనకనుంచి సన్యాసమ్మ నవ్వు వినిపించింది. ఆమె నవ్వు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

లాబ్‌లో ఉండే డాక్టరమ్మ ఆ గింజలను మంచులా గడ్డకట్టించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పావుగంట పైన పట్టింది. మొదటి పలక చూసింది. రెండోది చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. ఫోను తీసింది.

"ఉమాపతి గారూ, రెండూ అవేనండీ."

అవతలినుంచి ఏమన్నారో వినపడలేదు. ఆవిడ నాలుగు ముక్కలు రాసి, సంతకం చేసి, మడిచి, కడిగి తుడిచిన నాలో పెట్టింది. గౌరీశుకు ఇంగ్లీషు రాదు. నాకూ రాదు. కానీ నేను ఫోను విన్నాను.

తిరుగు దారి కూడా ఆ హాలులోంచే. నాకు కాళ్ళుంటే ఆ తలుపు దగ్గరే ఆగిపోయేదాన్ని. మోసుకెళ్ళేవాడు ఆగనప్పుడు మోయబడేది ఏం చేస్తుంది? సన్యాసమ్మ ఎదురొచ్చింది. ఈసారి లోపల ఏముందో చూడలేదు. నా అంచును రెండు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. దేవుడి పళ్ళేనికి చేసినట్టు. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ దండం పెట్టలేదు. బొట్టూ దండా దక్కిన రోబో మీద అసూయపడినదాన్ని, ఆ దండం నాకు వద్దనిపించింది.

అప్పుడే ఆపరేషను గది తలుపు తోసుకుని ఉమాపతి గారు బయటికొచ్చారు. నోటికున్న ముసుగు గడ్డం కిందికి లాక్కున్నారు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"చూసినాను బాబూ. నీ కడుపు సల్లగుండ. ఇంతింతే ఉన్నాయి. మిషన్ బేగి తీసీసినాది."

ఆయన ఆమెను చూశారు. గౌరీశును చూశారు. నన్ను చూశారు. చెయ్యి చాచి నాలోని కాగితం తీసుకున్నారు గానీ విప్పలేదు.

"కూర్చోమ్మా," అన్నారు. ఆమె కూర్చోలేదు. ఆయనే పక్క కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు ఆమె కూర్చుంది.

"నువ్వు చూసినవి గడ్డ కాదమ్మా. గడ్డ లోపలే ఉంది. అది గింజలు చల్లేసింది. పొట్ట నిండా ఉన్నాయి. నువ్వు చూసినవి వాటిలో రెండు. పరీక్ష కోసం తీశాం."

సన్యాసమ్మ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులా అలాగే మిగిలిపోయింది.

"మరి రెండు తీసినోలు మిగతావి తీయలేరేటి?" అంది. "బియ్యంలో రాళ్ళు ఏరుతాం గదా బాబూ. పొద్దోతే పొద్దోతాది. మీ మిషన్‌కి నాలుగు చేతులు గదా."

"కనపడినవి ఏరినా కనపడనివి ఉంటాయమ్మా. ఇప్పుడు పెద్ద ఆపరేషను చేస్తే మనిషి నీరసిస్తాడు, రోగం తగ్గదు. అందుకే ఆపేశాం. మందులతో కొంతకాలం..."

"ఎంత?"

"మందులు పనిచేస్తే ఏడాది. అటూ ఇటూ."

రాములు ఫోను మోగింది. వాడు కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. కాయ కొట్టేశామని చెప్పడానికి ఊరినుంచి చేస్తున్నారు. గౌరీశు నన్ను గుండెకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. "నా తప్పే బాబూ, చూపించీసినాను," అన్నాడు. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు. అది వాడికి తిట్టుకంటే ఎక్కువైంది.

"ఆయనకి తెలుసునా?" అంది సన్యాసమ్మ.

"ఇంకా మత్తులో ఉన్నాడు. లేచాక నేను చెబుతాను."

"ఈరోజుకొద్దు. రేపు చెప్పండి బాబూ. ఈరోజు నాను చెప్పుకుంటాను."

ఆయన తల ఊపారు. లోపల రోబోకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగులు ఒక్కొక్కటే విప్పేస్తున్నారు. అది ఆరోజు ఒక వేలు కూడా కదపలేదు.

తలుపు దాటి వచ్చిన నన్ను మళ్ళీ ఉడికించేదాకా ఆపరేషను గదిలోకి రానివ్వరు. సిస్టర్ నన్ను తోమించి, రోగులు మత్తు వదిలి లేచే గదిలో పెట్టించింది. లేచినవాళ్ళకు వాంతులవుతాయి. పదకొండు కావస్తుండగా తవిటినాయుడు కళ్ళు తెరిచాడు. కడుపులో తిప్పుతోందని సైగ చేశాడు. సిస్టర్ నన్ను సన్యాసమ్మ చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

ఆమె నన్ను అతని గడ్డం కింద ఆనించింది. కాసింత పసరు నీళ్ళు తప్ప రాలేదు. చీర చెంగుతో అతని మూతి తుడిచింది.

"తీసీసినారా?" అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"ఆఁ."

"నీకు చూపించినారా?"

"ట్రేలో తెచ్చినారు. చూసినాను. అవగింజంత లేవు. రెండే."

తవిటినాయుడు గోడ మీది గడియారం వైపు తల తిప్పాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీలో ఎండ ఎంతవరకు వచ్చిందో చూశాడు. జీవితమంతా పొయ్యి మీద పెట్టినది ఎప్పుడు దించాలో చూసుకున్న కళ్ళు అవి.

"బేగి దించీసినారే," అన్నాడు.

"మిషన్ గదా మావా."

అతను ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. పక్క మంచం దగ్గర సిస్టర్ ఎస్తేరు చేస్తున్న పని ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"సరేలే," అన్నాడు చివరికి. "రెండు గింజలకి నన్ను విశాపట్నం తెచ్చినావని ఊళ్ళో చెప్పకు. నవ్వుతారు."

"నవ్వనీ," అంది ఆమె.

అతను కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం దుప్పటి కిందినుంచి వచ్చి ఆమె మోకాలి మీద పడింది. నిద్రపోతున్నవాడి చెయ్యిలా బరువుగా లేదు.

ఆ వారంలోనే డాక్టరుగారు ట్రే బయటికి తీసుకెళ్ళకూడదని చెప్పేశారు. ఇప్పుడు ముక్కలు మూత ఉన్న డబ్బాల్లో, కొత్తగా తెరిచిన వెనక దారిలో, చప్పుడు లేకుండా వెళ్తాయి. హాలులో మనుషులు ఇప్పటికీ తలుపుకేసి చూస్తూనే ఉంటారట. గౌరీశు మందులెక్కించే వార్డుకు మార్పించుకున్నాడు. తవిటినాయుడు అక్కడికి తొమ్మిది నెలలు వచ్చాడని, వచ్చినప్పుడల్లా ఆసుపత్రి క్యాంటీను సాంబారుకు వంకలు పెట్టేవాడని, పదో నెలలో రాములు ఒక్కడే వచ్చి కాగితాలు తీసుకెళ్ళాడని, సిస్టర్‌తో గౌరీశు చెబుతుంటే విన్నాను.

నేను మత్తు వదిలి లేచే ఈ గదిలోనే ఉండిపోయాను. అంచు ఒకచోట సొట్టపోయింది. సొట్టపోయినవి ఆపరేషను గదిలోకి పనికిరావని సిస్టరే పక్కన పెట్టింది. ఇక్కడ లేచిన ప్రతివాళ్ళూ నాలుక సరిగా తిరగకముందే అడిగే మొదటి మాట ఒకటే. తీసేశారా అని. జవాబు చెప్పేవాళ్ళ చేతుల్లో నేను ఉంటాను. నిజంగా తీసేసినప్పుడు చెప్పేవాళ్ళ చేతులు సంతోషంతో అదురుతాయి, నన్ను సరిగా పట్టుకోలేరు. అబద్ధం చెప్పే చెయ్యి వణుకుతుందని మనుషులంటారు. ఆరోజు ఆమె చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ఇన్నేళ్ళలో నన్ను అంత నిలకడగా పట్టుకున్నవాళ్ళు మరొకరు లేరు.